తవిటిగాడూ, పేర్లు మింగిన చిలకా

అనగనగా ఒక రాజు. ఆయనది తామ్రపురి. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు జయకేతు, రెండోవాడు రత్నకేతు, మూడోవాడు తవిటిగాడు.

రాజుగారి కొడుక్కి అదేం పేరంటారా? రత్నకేతు తర్వాత పుట్టిన పిల్లలెవరూ దక్కలేదు. అందుకని మూడోవాణ్ణి పుట్టగానే చేటలో పెట్టి మంత్రసానికి ఇచ్చేసి, దోసెడు తవుడు పోసి మళ్ళీ కొనుక్కున్నారు. పళ్ళెంలో బియ్యం పోసి పేరు రాస్తే మృత్యువు వచ్చి చదువుకుంటుందని రాణి బారసాల కూడా చెయ్యనివ్వలేదు. తవిటిగాడన్న పిలుపే వాడికి మిగిలింది.

ఆ పిలుపు వింటే రాజుకు తల కొట్టేసినట్టుండేది. వాణ్ణి "మూడోవాడా" అనేవాడే తప్ప ఇంకోలా పిలిచేవాడు కాదు. పోనీ వాడు ఊరుకుంటాడా? కనిపించినవాళ్ళందరికీ ఒక పేరు తగిలించేవాడు. సేనాపతి బుర్రమీసం. వంటాయన పోపులపెట్టె. మంత్రి నసగాయ. పొద్దున వాడన్న మాట సాయంత్రానికి సంత దాకా పాకేది. రాజు మండిపడి దండోరా వేయించాడు.

"నా రాజ్యంలో అందరూ బియ్యంలో రాసిన పేరుతోనే పిలుచుకోవాలి. మారుపేరు పలికితే కొరడా దెబ్బలే!"

జనం భయపడ్డారు. మారుపేర్లు మెల్లగా మరిచిపోయారు.

అప్పుడొచ్చాడు ఒక బైరాగి. ఎండలో నిలబడినా అతనికి నీడ లేదు. భుజం మీద చిలక. కోట గుమ్మంలో జోలె పట్టి, "బారసాలనాటి బియ్యం భిక్ష వెయ్యి రాజా" అన్నాడు.

తామ్రపురిలో ఆ బియ్యాన్ని మూటకట్టి దేవుడి మూల దాచుకుంటారు. కానీ గుమ్మంలోకొచ్చిన బైరాగికి లేదనడం ఆ ఊళ్ళో ఎవరికీ చేతకాదు. రాజు తన మూట, రాణి మూట, కొడుకులిద్దరి మూటలు తెచ్చి జోలెలో పోశాడు. రాజే ఇచ్చాడని ఊరంతా ఇచ్చింది.

చిలక గింజలు మింగింది. గుటుక్కుమంది. మళ్ళీ మింగింది. గుటుక్కుమంది.

ఆ సందెవేళ రాణి పెద్దకొడుకుని అన్నానికి పిలవబోయింది. నోరు తెరిచింది, పేరు రాలేదు. రెండోవాణ్ణి పిలవబోయింది. రాలేదు. ఊరంతా అంతే. పిలిచేవాళ్ళు లేక మనుషులు పలచబడిపోయారు. ముందు నీడ పోయింది, తర్వాత గొంతు పోయింది. చివరికి సముద్రం మీంచి రాణి గొంతుతోనే ఎవరో పిలిచారు: "జయకేతూ... రత్నకేతూ..." అన్నలిద్దరూ, వాళ్ళ వెనకే ఊరివాళ్ళూ నీళ్ళమీద నడుచుకుంటూ వెళ్ళిపోయారు. పాదాలు తడవలేదు.

తవిటిగాడు అమ్మా, నాన్నా అని పిలుస్తుండబట్టి రాణీ, రాజూ మాత్రం మిగిలారు. రాణి వాడి చెయ్యి పట్టుకుంది. "తవిటీ! నిన్నొక్కణ్ణే పిలవగలుగుతున్నానురా!"

"ఏడవకమ్మా. అన్నల్ని తీసుకొస్తా" అన్నాడు వాడు.

ఒడ్డున ఒక గూడబాతు ముడుచుక్కూర్చుంది.

"ఏం జోలెగొంతూ, ఏడు సముద్రాలు దాటిస్తావా?"

"ఏమన్నావు నన్ను?"

"జోలెగొంతు అన్నా. కోపమా?"

"మా అమ్మ పోయాక నన్నెవరూ ఏమీ అనలేదు. ఎక్కు" అంది పక్షి.

ఏడో సముద్రం అవతల బూడిదరంగు దీవి. వేలమంది నిలబడి ఉన్నారు, కదలరు, పలకరు. గాలి వాళ్ళలోంచి దూరి పోతోంది. అన్నల్ని తాకబోతే వాడి చెయ్యి పొగలో పెట్టినట్టయింది.

పాడుబడ్డ మేడ ముందు ఒక రాకుమారి వాకిలి ఊడుస్తోంది. పొగమంచులా ఉంది. పేరేంటని అడిగితే తల అడ్డంగా ఊపింది.

"పేరు లేకపోతే మాత్రం అంత బుంగమూతి ఎందుకో?"

ఆమె మూతి ఇంకా ముడుచుకుంది. బుగ్గలకి ఎరుపు వచ్చింది. పోయిన గొంతు కూడా వచ్చింది.

"ఎవరు బుంగమూతి? నువ్వు, నీ తవుడు మొహం!"

"అరె, నా పేరు నీకెలా తెలుసు?"

ఎన్నో ఏళ్ళ తర్వాత ఆమె నవ్వింది. వెంటనే గొంతు తగ్గించింది. "ఆ బైరాగి మాంత్రికుడు. వాడి ప్రాణం చిలకలో ఉంది. దాన్ని చంపావా, దాని కడుపులో ఉన్న పేర్లన్నీ చస్తాయి. వాడు తప్ప దాన్ని ఎవరూ పిలిచి ఎరగరు. అందుకే వాడి మాట వింటుంది."

అంతలో మేడలోంచి అమ్మ గొంతు. "రాకుమారా, రా నాయనా!"

అచ్చం అమ్మే.

"చిన్నయువరాజా, రా నాయనా!"

కాళ్ళు ఒక అడుగు వేశాయి.

"తామ్రపురి వంశదీపమా, రా!"

వాడు ఆగాడు. అమ్మ తనని అలా ఎప్పుడూ పిలవలేదు. ఆ పిలుపులు వాడివి కావు.

లోపల పంజరం పక్కన బైరాగి నిలబడి ఉన్నాడు. "వీడి పేరు పలుకు!" అని చిలకని గద్దించాడు. చిలక నోరు తెరిచింది, గుటకేసింది. దాని కడుపులో వేల గొంతులు గుసగుసలాడాయి. వాడి పేరు మాత్రం అందులో లేదు.

తవిటిగాడు దాన్నే చూశాడు. పాపం, అన్ని పేర్లు మోసి పొట్ట ఉబ్బిపోయింది.

"ఏమే గుటకమ్మా! కడుపు నొప్పిగా లేదూ?"

చిలక తల వంచి చూసింది. ఎవరి గొంతూ కాని గొంతుతో, సన్నగా అడిగింది. "ఇంకోసారి పిలువు."

"గుటకమ్మా, రావే!"

"రాకు! నేను నీ యజమానిని!" బైరాగి అరిచాడు. చిలక వెనక్కి చూడలేదు. పంజరం తలుపు తోసుకుని తవిటిగాడి చేతిమీద వాలింది. ఒక్కొక్క గింజా కక్కింది. గింజ గింజకీ బయట ఎవరో ఒకరు గట్టిగా ఊపిరి పీల్చుకున్నారు.

చిలక చెయ్యి జారిపోయేసరికి, సొంత పేరంటూ లేని బైరాగి అంచులనుంచి చెరిగిపోతున్నాడు. "అబ్బాయీ, నన్నూ ఏదో ఒకటి పిలువు" అన్నాడు మెల్లగా.

అందరికీ పేరు పెట్టే తవిటిగాడికి ఆ క్షణాన నోట మాట రాలేదు. వచ్చేలోగా అక్కడ ఖాళీ బట్టలే మిగిలాయి.

అన్నలతో, జనంతో ఓడలు కట్టుకుని ఇంటికొచ్చారు. రాజు రేవు దాకా పరుగెత్తుకొచ్చి, జనమంతా వింటుండగా "ఒరేయ్ తవిటీ!" అని కావలించుకున్నాడు. దండోరా రద్దయింది. రాకుమారి పేరు కూడా తిరిగి వచ్చింది గానీ తవిటిగాడితో పెళ్ళిపీటల మీద కూర్చున్నప్పుడు ఆమె దానికి పలకలేదు. పురోహితుడు చివరికి "అమ్మా బుంగమూతీ" అనాల్సొచ్చింది. పేరు లేని బైరాగి గుర్తుకొచ్చినప్పుడల్లా తవిటిగాడు ఊళ్ళో ఒంటరివాళ్ళను వెతికి మరీ ఓ పేరు పెట్టొచ్చేవాడు. అన్నల మాటమీద గద్దెనెక్కి, ముసలివాడయ్యేదాకా చల్లగా ఏలాడు. ఇప్పటికీ మన వీధుల్లో బుర్రమీసాలూ, నసగాయలూ తిరుగుతున్నారంటే అది ఆయన చలవే.

మరి పిల్లలూ, సందెవేళ అమ్మ గొంతుతో ఎవరైనా మీ పూర్తి పేరు పిలిస్తే తొందరపడకండి. అమ్మ ముద్దుగా పిలిచే ఆ పేరు వినిపించేదాకా పలకొద్దు.