కత్తెరవ్వను తరిమిన గిజిగాళ్ళు

చేలగట్టున ఒక దిగుడుబావి, దాని మీదికి వాలిన తుమ్మకొమ్మ. ఆ కొమ్మకి గిజిగాళ్ళు గూళ్ళల్లేవాళ్ళు. అల్లేవాళ్ళు అంటే పూర్తిగా కాదు. ప్రతి మగపిట్టా పొద్దున్నే గడ్డిపోచ తెచ్చి కొమ్మకి ముడి వేసి, సగందాకా అల్లేవాడు. అప్పుడొచ్చేది కత్తెరవ్వ. ముసలి పిట్ట, నోరూ ముక్కూ రెండూ పదునే. అల్లేవాడి పెళ్ళాం గుడ్లకొచ్చిందా లేదా అని చూసేది. లేదంటే ముడి మాత్రం ఉంచి, కింది అల్లికంతా పుటుక్కున తెంపి నీళ్ళలో పడేసేది. గుడ్లకొచ్చిన జంట గూడు జోలికి మాత్రం పోయేది కాదు.

పసుపన్నకి ఈ పద్ధతంటే ఒళ్ళుమంట. తలంతా పసుపు పూసుకున్నట్టుండే కుర్ర గిజిగాడు వాడు. అల్లికలో వాడి తర్వాతే ఎవరైనా, ఆ గర్వం కూడా కాస్త ఎక్కువే.

"అవ్వా, ఎటూ తెంపేదానివి, అసలు మొదలెట్టనిస్తావెందుకు?" అని ఒకసారి అడిగాడు.

"మా అమ్మ తెంపింది, నేనూ తెంపుతున్నా. నీకు సంజాయిషీ ఇచ్చుకోవాలా? పోయి పని చూసుకో," అంది అవ్వ.

ఆ ఒక్క ముక్కా విడమరిచి చెప్పి ఉంటే ఎంత బాగుండేదో!

బావిగట్టు మీద ఎండకి పడుకున్న పిల్లి ఇదంతా వింది. ఆ కొమ్మ ఏనాడూ దానికి అందలేదు.

"నీ పనితనం చూస్తుంటే కళ్ళు చెమరుస్తాయయ్యా పసుపన్నా. ఒక్క గూడైనా నిండుగా చూడాలని నా ఆశ. ఆ ముసల్ది చూడనిస్తేనా!"

"మా మీద నీకింత ప్రేమేంటి పిల్లత్తా?"

"నాకేం లాభం నాయనా? అంత ఎత్తు ఎగరగలనా? నీళ్ళంటే అసలే భయం. నీ కష్టం బావిపాలవుతుంటే చూడలేక అంటున్నా."

మాట నిజంలాగే ఉంది. మర్నాడు పసుపన్న కుర్రాళ్ళందర్నీ కూడగట్టాడు. అవ్వ రాగానే ఒక్కుమ్మడిగా మీదపడి పొడిచారు.

"సరే, పోతాన్లేరా," అని అవ్వ అవతలి తాడిచెట్టుకి ఎగిరిపోయింది. ఒక్కడూ వెనక్కి పిలవలేదు.

ఇక చూడాలి సంబరం! పిల్లలున్నవాడూ, లేనివాడూ, పెళ్ళే కానివాడూ అందరూ గూళ్ళు పూర్తి చేశారు. ఒకటి అయ్యాక ఊరుకోలేక ఇంకొకటి మొదలెట్టారు. కొన్నాళ్ళకి, కొత్త గూట్లో గుడ్లు పొదిగి పిల్లల్ని చేసిన పసుపన్న భార్య చిట్టెమ్మ ఒక్కతే, ఆ పిల్లల మీంచి తల బయటపెట్టి, "కొమ్మ కిందికి దిగినట్టుంది, చూశావా?" అంది.

"ఎంత అందంగా వంగిందో," అన్నాడు వాడు.

ముసురు పట్టింది. ఖాళీ గూళ్ళు కూడా నీళ్ళు పీల్చుకుని బరువెక్కాయి. కొమ్మ వంగి వంగి బావిగట్టుకి ఆనింది. పిల్లి లేచి ఒళ్ళు విరుచుకుంది. ఎగరాల్సిన పని లేదు, పంజా చాపితే చాలు. ముందుగా దొరికింది అన్నిట్లోకీ పెద్ద గూడు, పసుపన్నది.

"చెప్పానుగా నాయనా, నిండు గూడు చూడాలని నా ఆశ," అంది పిల్లి.

పెద్ద పిట్టలు ఎగిరి తప్పించుకున్నాయి. రెక్కలు రాని పిల్లలు ఎక్కడికి పోతాయి?

వాన వెలిశాక పసుపన్న తాడిచెట్టుకి వెళ్ళాడు. "అవ్వా, ఇప్పుడైనా చెప్పు. తెంపేదానివి, మొదలెట్టనిచ్చావెందుకు?"

"రోజూ మొదలెడుతుంటేనేరా, గుడ్డు వేళకి గూడు అందేది. ముడి కొమ్మకుంటుంది, మీ ముక్కు పనిలో ఉంటుంది. నేను పక్కకి తప్పుకుంటే చాలు, గూడు చకచకా నిండుతుంది. అక్కర్లేనప్పుడు కొమ్మకి బరువు కాకూడదని తెంపేదాన్ని. అడిగిన రోజే చెప్పాల్సింది. పాడు నోరు నాది."

పసుపన్న వెక్కివెక్కి ఏడ్చాడు. అవ్వ తుమ్మకొమ్మకి తిరిగొచ్చింది. చిట్టెమ్మ మాత్రం ఆ ఏడు మళ్ళీ గుడ్డు పెట్టలేదు.

మన ఒంట్లోని కణం ఇలాంటి కత్తెరవ్వని పెట్టుకునే బతుకుతోంది. కొన్ని జన్యువులకి నకలు తీయడం మొదలెడుతుంది, అవసరం లేకపోతే మధ్యలోనే తెంపేస్తుంది. కావాలని కబురొచ్చినప్పుడు కత్తెర పక్కన పెట్టి నకలు పూర్తి కానిస్తుంది. కంటికి కనపడని కణానికున్న ఆ ఇంగితం పసుపన్నకి పిల్లలు పోయాక వచ్చింది.

నీతి: సగంలో ఆపేవాళ్ళు కారణం చెప్పాలి; చెప్పకపోయినా, అది తెలిసేదాకా వాళ్ళని తరమకూడదు.