పుల్లక్క వైపు

అంకాలుకు ఒకటే దిగులు. సూది పట్టి పదకొండేళ్ళయినా దస్తగిరమ్మవ్వ ఆమెను బొంత నడుమకు రానివ్వలేదు.

అది చిన్నాచితకా దిగులు కాదు. బండి మీదికెత్తి ఉంటే రెండు జతల ఎద్దులు మోకాళ్ళ మీద కూలబడేవి.

దూదేకుల వీధిలో బొంత కుట్టడానికి ఒక పద్ధతి ఉంది. పాత చీరలు పొరలు పొరలుగా నేల మీద పరుస్తారు. నాలుగు వైపులా నలుగురు కూర్చుంటారు. ఎవరి అంచు దగ్గర వాళ్ళు మొదలుపెట్టి, వరస మీద వరస వేసుకుంటూ లోపలికి జరుగుతారు. ఆఖరికి నడుమ జానెడు చోటు మిగులుతుంది. అక్కడ ముడి వేసే చెయ్యి గురువుది. ఆ ముడి ఎవరు వేస్తే బొంత వాళ్ళ పేరు మీద ఊళ్ళకు పోతుంది.

దస్తగిరమ్మవ్వ వేసిన ముళ్ళకు లెక్కే లేదు. ఆమె బొంతలన్నీ తెచ్చి పరిస్తే పెన్న ఈ గట్టు నుంచి ఆ గట్టుకు పాదం తడవకుండా నడిచిపోవచ్చు. వయసు నూటపది అనేవాళ్ళు కొందరు, కొండకంటే రెండేళ్ళు పెద్దది అనేవాళ్ళు కొందరు. కళ్ళకు పొర కమ్మి చాలాకాలమైంది. బొటనవేలితో తడుముకుంటూ కుడుతుంది.

అంకాలు కుట్టు నిజంగానే గొప్పది. ఆ వీధి చీమలు ఆమె కుట్టును చూసే వరసలో నడవడం నేర్చుకున్నాయి.

మూడో మనిషి ఖాజాబీ. ఆమె గొంతు తగ్గించి చెప్పిన రహస్యం మూడు ఊళ్ళు తిరిగి, అలసిపోయి, మళ్ళీ ఆమె చెవికే చేరేది.

నాలుగో మనిషి పుల్లక్క. అవ్వకు మొదటి శిష్యురాలు. అంకాలుకు సూదిలో దారం ఎక్కించడం నేర్పింది ఆమే. ఇప్పుడు ఆమె చెయ్యి వణుకుతోంది. ఆమె వరస అంచు దగ్గర మొదలై, ఎవరినో పలకరించడానికి పక్క సందులోకి పోయి, అక్కడ కాసేపు కూర్చుని, గుర్తొచ్చి వెనక్కి వచ్చినట్టు ఉండేది.

"పుల్లక్కా, నీ కుట్టెంబడి నడిస్తే ప్రొద్దుటూరు పోవాల్సినోడు బళ్ళారిలో తేల్తాడు," అనేది ఖాజాబీ.

"తేల్నీలే మ్మే. బళ్ళారిలో మా మేనత్త ఉండాది. సంగటి పెడ్తాది," అనేది పుల్లక్క.

ఇద్దరూ నవ్వేవాళ్ళు. అంకాలు నవ్వేది కాదు.

మధ్యాహ్నం సంగటి వేళకు ఒక కుక్క వచ్చేది. ఎవరిదో తెలియదు. రోజుకొకసారి వచ్చి, నాలుగు దిక్కులా చూసి, తిని, ఒక్క పనీ చెయ్యకుండా పోతుందని ఖాజాబీ దానికి తాసీల్దారు అని పేరు పెట్టింది.

ఒకనాడు పుల్లక్క నీళ్ళకు పోయిన సందు చూసి అంకాలు అంది. "అవ్వా, మూడు వైపులూ గీత గీసినట్టుంటాయి. నాలుగో వైపు చూసి జనం నవ్వుతాండారు. పుల్లక్కను దారాలు తుంచేదానికి పెట్టు. ఆ వైపు కూడా నేనే కుడతా. అప్పుడైనా నన్ను నడుమకు రానిస్తావేమో."

అవ్వ లేచింది. అప్పుడే పూర్తయిన బొంతను వాకిట్లో పరిచి, నాలుకతో టొకటొకమని తాసీల్దారును పిలిచింది.

కుక్క బొంతంతా వాసన చూసింది. అంకాలు వైపు దాటింది, అవ్వ వైపు దాటింది. పుల్లక్క వంకర వరసల మీద డెబ్బైసార్లు గిరగిరా తిరిగి, ముక్కు కాళ్ళలో పెట్టుకుని నిద్రపోయింది.

"తాసీల్దారుకు అభ్యంతరమేం లేనట్టుండాదే," అంది అవ్వ.

ముసలామెకు చాదస్తం ముదిరిందనుకుంది అంకాలు.

పూర్తయిన బొంతలు కొన్నాళ్ళు అంకాలు ఇంటికి పోతాయి. పైకి తేలిన పోగులు తుంచేది ఆమే. ఆసారి ఆమె పోగులు తుంచి ఊరుకోలేదు. తలుపు గడియ పెట్టి, పుల్లక్క వైపు వరసలన్నీ సూదిమొనతో విప్పేసింది. అవే కన్నాల పక్కన మళ్ళీ తానే కుట్టింది, గీత గీసినట్టు.

బొంత తిరిగొచ్చిన నాడు పుల్లక్క తన వైపు వరసలన్నీ వేలితో తడిమింది.

"అంకాలూ, ఇటు చూడు మ్మే! ఇది నా వైపేనా?"

"నీదే అక్కా."

"నా చెయ్యి మళ్ళా వచ్చినట్టుండాదే!"

పుల్లక్క ఆ బొంతను భుజాన వేసుకుని వీధి వీధంతా తిరిగింది. గుడిలో కొబ్బరికాయ కొట్టింది. ఏ దేవుడి పుణ్యమో తెలియక దర్గాకు కూడా పోయి చక్కెర చదివించింది. ఆ చక్కెర ఎంత పంచిందంటే వీధి పొడుగునా ఈగలు నెలరోజులు ఇల్లు కదల్లేదు. అవ్వ నోట్లో పెట్టింది, ఖాజాబీ నోట్లో పెట్టింది, అంకాలు గడ్డం పట్టుకుని నోరు తెరిపించి పెట్టింది.

అంకాలు మింగింది. తన కుట్టును ఇంకొకరు ముద్దు చేస్తుంటే ఆమెకు ఒళ్ళు మండింది. అయినా ఆ తర్వాత ప్రతి బొంతకూ అదే చేసింది. రెండేళ్ళు చేసింది.

పుల్లక్క కూతురు సుబ్బరత్నకు ఎనిమిదో నెల పడింది. పుల్లక్క తన పెట్టెలో చీరలన్నీ తెచ్చి అవ్వ ముందు పోసింది. పెళ్ళిచీర కూడా అందులోనే ఉంది. దాని ఎర్ర అంచు తన వైపు వచ్చేట్టు పరుచుకుంది.

"ఈ ఎర్ర అంచు తలవైపు. బిడ్డ తల దీని కింద ఉండాల. ఇది నేనే కుడతా, ఎవరూ ముట్టొద్దండి," అంది.

మిగతా ముగ్గురూ నాలుగు రోజుల్లో తమ వైపులు ముగించారు. పుల్లక్కకు ఇరవై రోజులు పట్టింది. నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, ఒక్కొక్క కుట్టుకూ ఊపిరి బిగబట్టి కుట్టింది. అవ్వ ఆ ఇరవై రోజులూ పక్కనే కూర్చుని ఎదురుచూసింది. తర్వాత నడుమ ముడి వేసింది.

బొంత అంకాలు ఇంటికి వచ్చింది. ముట్టొద్దన్న మాట ఆమెకు గుర్తుంది. కానీ ఆ వంకరలు చూస్తే వేళ్ళు ఊరుకోలేదు. పైగా ఇప్పుడు విప్పకపోతే ఇన్నాళ్ళూ విప్పిన సంగతి బయటపడుతుంది. విప్పింది. కుట్టింది. పీకిన దారాలు పొయ్యిలో పడేసింది.

పుల్లక్క తన వైపు చూసుకుని ఈసారి ఎవరికీ చూపించలేదు. అంచు మీద చెయ్యి పెట్టి, "ఇంక చాలు తల్లీ," అనుకుంది.

పదిరోజులకు ఆమె పోయింది. సుబ్బరత్నకు తొమ్మిదో నెల. నిండుచూలాలు శవాన్ని చూడకూడదని పెద్దలు ఆపేశారు.

ఆ మధ్యాహ్నం తాసీల్దారు వచ్చింది. పుల్లక్క కూర్చునే చోట నిలబడింది. ఖాజాబీ సంగటిముద్ద వేస్తే వాసన కూడా చూడలేదు. నాలుగు రోజులు అట్లా వచ్చి, అట్లా నిలబడి, ఐదోరోజు నుంచి రావడం మానేసింది.

మూడు నెలల బిడ్డను ఎత్తుకుని సుబ్బరత్న వచ్చింది. అవ్వ బొంతను తెప్పించి ఆమె ముందు పరిపించింది. సుబ్బరత్న చుట్టూ తిరిగి చూసింది.

"అవ్వా, నాలుగు వైపులూ ఒకటే మాదిరి ఉండాయి. అమ్మ కుట్టింది ఏది?"

"అంకాలు చూపిస్తాది," అంది అవ్వ.

"చూపించు పిన్నమ్మా. అమ్మ మొగం చూడలేకపోతి. అమ్మ చేతి కుట్టన్నా నా బిడ్డ తలకు తగలనీ."

అంకాలు వంగింది. ఏ వైపో ఆమెకు తెలుసు. ఆమె వెతికేది వైపును కాదు. ఒక్క కుట్టు. పుల్లక్క వేసింది ఒక్కటి ఎక్కడైనా మిగిలిందా అని. అంచు మడతలో చూసింది. మూలలో చూసింది. తిరగేసి అడుగున చూసింది. గోరుతో పొరలు విడదీసి చూసింది.

ఇన్నేళ్ళలో ఆమె ఏ పనీ సగంలో వదిలిన మనిషి కాదు. ఒక్కటీ లేదు.

"ఏం మ్మే, అంతలోనే మర్చిపోయినావా? ఎర్ర అంచు కదా పుల్లక్కది!" అంది ఖాజాబీ.

సుబ్బరత్న ఎర్ర అంచును రెండు చేతులా తీసుకుని చెంపకు ఆనించుకుంది.

"ఎంత నేరుగా ఉండాదో చూడు పిన్నమ్మా. ఫోన్లో చెప్తాండె, నా చెయ్యి బాగయింది మ్మే అని. నేను నమ్మలా. నేను దిగులు పడకుండా అబద్ధం చెప్తాండాదనుకున్నా." ఆమె అంచును బిడ్డ తలకు తాకించింది. తర్వాత అంది. "నిజమే చెప్పినాది."

అంకాలు నోరు తెరిచింది.

అవ్వ ఆమె మణికట్టు పట్టుకుంది. నూటపదేళ్ళ చెయ్యి. కమ్మరి పటకారు కూడా అట్లా పట్టదు. సుబ్బరత్న బిడ్డను బొంతలో చుట్టుకుని, అందరికీ దండం పెట్టి, సందు మలుపు తిరిగేదాకా అవ్వ వదల్లేదు. ఖాజాబీ సాగనంపడానికి ఆ పిల్ల వెంట పోయింది.

"ఎందుకు చెప్పనియ్యలేదవ్వా?"

"చెప్తే నీకు బరువు దిగుతాది. ఆ పిల్లకేం మిగుల్తాది?"

అంకాలు గోడకు ఆనుకుంది. "నీకు ఎప్పటి నుంచి తెలుసు?"

అవ్వ బొటనవేలు ఎత్తి చూపించింది. "మొదటి బొంత నుంచి."

"మరి నన్ను ఆపలేదే? ఒక్క మాట తిట్టి ఉంటే..."

"పుల్లి వీధంతా చక్కెర పంచుతాండె," అంది అవ్వ. "నిన్ను తిట్టాలంటే దాని నోట్లో చక్కెర తియ్యాల."

మరునాడు కొత్త చీరల మూట వచ్చింది. పరిచారు. మనుషులు ముగ్గురు, వైపులు నాలుగు.

"పుల్లక్క వైపు ఎవరు కూర్చుంటారు?" అంది ఖాజాబీ.

"అంకాలు కూర్చుంటాది. ఆ వైపు దానికి అలవాటే," అంది అవ్వ.

ఖాజాబీకి అర్థం కాలేదు. అంకాలు తన వైపు ముగించి, లేచి, అవతలి వైపు పోయి కూర్చుంది. ఆరు రోజులు కుట్టింది. పిలిస్తే పలికింది, పెడితే తిన్నది. వరస మీద వరస వేస్తూ లోపలికి జరిగింది.

నడుమ జానెడు చోటు మిగిలింది. అవ్వ తన సూదిని బొంత మీద, అంకాలు ముందు పెట్టి, కాళ్ళు ముడుచుకుని వెనక్కి జరిగింది.

"వెయ్యి."

"నాకొద్దవ్వా."

"ఎందుకొద్దు?" అంది అవ్వ, ఏ కోపమూ లేకుండా. "బాగా వేస్తావు. నీ పని ఎప్పుడు బాగలేదు?"

అంకాలు ముడి వేసింది. బాగానే ఉంది.