వీరభద్రుడి పురుడు

నాగవరం రాజు తిమ్మరాయలుకి ఆఫ్రికా దేశం నుంచి ఓడమీద కానుకగా ఏనుగొకటి వచ్చింది. మన ఏనుగులకన్నా ఎత్తు. చెవులా, చేటలు కావు, తలుపు రెక్కలే! ఎండెక్కితే వాటితోనే విసురుకునేది. తొండం చివర రెండు వేళ్లలాంటి కొసలు. వాటితో చింతపిక్కను కూడా ఏరుకునేది.

గజశాల అధికారి భైరవప్ప మేడమీంచి ఓసారి తొంగి చూశాడు. "ఎంతెంత దంతాలు! మగధీరుడు ప్రభూ!" అని, అక్కడికక్కడే వీరభద్రుడని పేరు పెట్టేశాడు.

రాజుకి ముచ్చట తీరలేదు. "ఒంటి ఏనుగు ఏం బాగుంటుంది? ఇలాంటిదే ఇంకొకటి కావాలి. మళ్లీ ఓడ పంపకుండా తెచ్చినవాడికి మాగాణి ఇస్తాను" అన్నాడు.

రోజూ ఆ ఏనుగుకి అరటిపళ్లు పెట్టి, దాని పొట్ట నీడన కూర్చుని కబుర్లాడే విదూషకుడు చిట్టెన్న లేచాడు.

"నేను తెస్తాను ప్రభూ. ఈలోగా దీన్ని పోటీలకి తోలకూడదు. చెరకు, నీళ్లు, నీడ. అంతే."

భైరవప్ప పకపకా నవ్వాడు. "ఆకాశంలోంచి ఊడిపడుతుందటోయ్? దసరాకి రాకపోతే?"

"కొలువొదిలి, ఊరొదిలి పోతాను. వస్తేనో?"

"నువ్వేది మోయమంటే అది నెత్తిన మోస్తా!"

దసరా వచ్చేసింది. ఏనుగు ఒక్కటే. చిట్టెన్న పూటకోసారి గజశాలకి పోయి చూసి వస్తున్నాడు. నవమినాడు నిండు కొలువులో భైరవప్ప, "మూట సర్దుకున్నావా, నాయనా?" అని ఎత్తిపొడిచాడు.

అంతలో మావటి రొప్పుతూ వచ్చాడు.

"ప్రభూ! వీరభద్రుడు... ప్రసవించాడు!"

కొలువంతా గజశాలకి పరుగెత్తింది. తల్లి పొట్టకింద బుల్లి ఏనుగు తూలుతూ నిలబడి ఉంది.

"దంతాలున్నది ఆడదెలా అవుతుంది?" అని భైరవప్ప నోరు తెరిచాడు.

"మన దగ్గర దంతాలు మగాడి మీసాలండీ. ఆ దేశంలో ఆడవాళ్లకీ ఉంటాయి! మీరు మేడమీంచి దంతాలు చూశారు. నేను కింద కూర్చుని, ముందుకాళ్ల మధ్య చన్నులు నిండడం చూశాను. కడుపుతోనే ఓడెక్కిందీ తల్లి. దాదాపు రెండేళ్లు మోస్తుంది మరి!"

రాజు కడుపు పట్టుకుని నవ్వాడు. "మాగాణి నీదేరా! మరి పందెం మాట? ఈయన ఏం మొయ్యాలి?"

"పేరు పెట్టింది ఆయనే. కాబట్టి పుట్టింటివారూ ఆయనే. పురిటి సారె నెత్తిన పెట్టుకు రమ్మనండి ప్రభూ!"

భైరవప్ప బెల్లం బుట్ట మోసుకొచ్చాడు. వీరభద్రుడు తొండంతో బుట్ట దించుకుంది. తర్వాత ఆ రెండు వేళ్లతో పుట్టింటివారి తలపాగా కూడా నెమ్మదిగా తీసి, బిడ్డ వీపున కప్పింది.