మొదటి పేజీ మహారాణి

లాలాగూడ రైల్వే క్వార్టర్లలో జెమీమా అనే అమ్మాయి ఉండేది. పియానో మీద ఎంత పెద్ద సంగీతమైనా మొదటి పేజీని మహారాణిలా వాయించేది, చివరి పేజీ దగ్గరపడేసరికి మాత్రం ఏదో పని గుర్తొచ్చి లేచిపోయేది.

పియానో వాళ్ళది కాదు. చర్చి పక్కనున్న హాల్లో, ఎవరో దొరలు వదిలేసి పోయిన పాత పెట్టె అది. వానాకాలంలో కొన్ని మీటలు నొక్కితే లోపలికి వెళ్ళి, పైకి రావడానికి బద్ధకించేవి. దాని పక్కన కర్ర కుర్చీలో దొర్కా టీచర్ కూర్చునేవారు. పెళ్ళి చేసుకోలేదు, పిల్లల్లేరు. ఉన్నదల్లా ఆ పియానో, ఒక దగ్గు, ఒక తాటాకు విసనకర్ర. ఆ విసనకర్రతోనే ఆవిడ విసురుకునేవారు, తాళం వేసేవారు, తప్పు వాయించిన వేళ్ళ మీద ఒకటి తగిలించేవారు.

సాయంత్రం చర్చిలో పాడే క్వయర్ ఆంటీలు పాటల ప్రాక్టీసుకు కాస్త ముందుగానే వచ్చేవారు. జెమీమా వాయింపు వినడానికే. ఆమె కూడా వాళ్ళు వచ్చేదాకా ఆగి, చెప్పుల చప్పుడు వినిపించగానే మొదలుపెట్టేది. మొదటి పేజీ అయ్యేసరికి సుగుణమ్మ ఆంటీ గుండెల మీద చెయ్యి వేసుకుని, "అబ్బబ్బ! దేవదూతలు దిగొచ్చారే!" అనేది. సరిగ్గా అప్పుడే పాటల ప్రాక్టీసు మొదలయ్యేది. కాబట్టి రెండో పేజీలో దేవదూతలు ఏమయ్యారో ఆ హాల్లో ఎవరికీ తెలియదు.

ఒంటరిగా ఉన్నప్పుడు జెమీమాకు ఇంకో అలవాటు ఉండేది. ఎక్కడైనా చెయ్యి జారిందా, అక్కడ ఆగి సరిచేసుకునేది కాదు. చిరాగ్గా తల విదిలించి మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకునేది. మళ్ళీ జారిందా, మళ్ళీ మొదటి నుంచి. ఆ లెక్కన మొదటి పేజీ అరిగి నున్నగా మెరిసింది. చివరి పేజీకి ఇంకా కొత్త పుస్తకం వాసన పోలేదు.

"నీ మొదటి పేజీ అత్తరు పూసుకున్న పెళ్ళికూతురే," అన్నారు ఒకరోజు దొర్కా టీచర్. "చివరి పేజీ తల దువ్వుకోని పిల్ల. దాన్ని కూడా ఒకసారి దగ్గరికి తీసుకోవే."

"తీసుకుంటా టీచర్, రేపు."

"రేపు కాదు. ఈరోజు వెనక నుంచి మొదలుపెట్టు. ముందు చివరి పేజీ నేర్చుకో. తర్వాత దాని ముందుది. అలా వెనక్కి రా. అప్పుడు వాయిస్తూ పోయేకొద్దీ తెలిసిన దారిలోకే పోతావు. నువ్వు చేస్తున్నదేమిటి? పోయేకొద్దీ అడవిలోకి పోతున్నావు."

"అంతమంది మెచ్చుకుంటున్నారు కదా టీచర్!"

"వాళ్ళు నీ దగ్గర గుమ్మం చూసి ఇల్లు మెచ్చుకుంటున్నారు," అని టీచర్ నవ్వబోయి దగ్గారు. ఆ దగ్గు చాలాసేపు ఆగలేదు. ఆగాక కళ్ళు తుడుచుకుని, "నాకు ఒక్కసారి కొస దాకా వినిపించవే. అంతకంటే ఏమీ అడగను," అన్నారు.

"రేపు తప్పకుండా టీచర్," అంది జెమీమా. ఇంటి తలుపు మీద 'రేపు రా' అని రాసి దయ్యాన్ని తిప్పి పంపేవాళ్ళుంటారు చూడండి, ఆమె చివరి పేజీని అలాగే తిప్పి పంపేది. పాపం, దయ్యమైతే అక్షరాలు నమ్మి వెళ్ళిపోతుంది.

ఇంటర్ పరీక్షలు అయ్యాక జెమీమా సంగీత కళాశాలలకు దరఖాస్తు చేసింది. తండ్రి రత్నంగారు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. మెత్తని మనిషే గానీ మాటంటే మాటే.

"సీటొస్తే పియానో నేర్చుకో, అడ్డం చెప్పను," అన్నారు. "రాకపోతే ఇంజనీరింగు కౌన్సెలింగుకి నాతో వస్తావు. మళ్ళీ ఏడుపులూ అలకలూ ఉండకూడదు. సరేనా?"

"సరే డాడీ. సీటు రాకపోవడమేంటి!" అంది జెమీమా.

కళాశాలలు మొదట రికార్డింగు అడిగాయి. ఒక కళాశాల మొత్తం వాయించి పంపమంది. ఆ దరఖాస్తు జెమీమా పంపనే లేదు. బెంగళూరు కళాశాల మాత్రం మొదటి మూడు నిమిషాలు చాలు అంది. ఇంకేం, మహారాణికి సింహాసనం వేసినట్టయింది. సుగుణమ్మ ఆంటీ ఫోను పట్టుకుని వీడియో తీసింది. కొద్దిరోజుల్లోనే కబురొచ్చింది: రికార్డింగు నచ్చింది, వచ్చి ఎదురుగా వాయించి చూపించాలి.

జెమీమా ఆ కబురు పట్టుకుని హాల్లోకి పరుగెత్తింది. "చూశారా టీచర్! గుమ్మం చూసే ఇంట్లోకి పిలిచారు!"

టీచర్ సంతోషంగా ఆమె చెయ్యి పట్టుకున్నారు. ఆవిడ చెయ్యి వేడిగా కాలిపోతోంది. "పిలిచింది ఇల్లంతా చూడ్డానికే అమ్మడూ," అన్నారు. "ఇంకా వ్యవధి ఉంది. చివరి పేజీ తియ్యి."

జెమీమా తీసింది. నాలుగు వరుసలు వాయించింది. వేళ్ళు తడబడ్డాయి. బయట చెప్పుల చప్పుడు వినిపించింది. ఆమె చేతులు మొదటి పేజీకి వెళ్ళిపోయాయి. టీచర్ విసనకర్ర ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు.

బెంగళూరులో ఆ గది చల్లగా ఉంది. పియానో నల్లగా, పొడుగ్గా, అద్దంలా ఉంది. అంత మంచి వాయిద్యాన్ని జెమీమా ఎన్నడూ ముట్టుకోలేదు. ముగ్గురు పరీక్షకులు కూర్చున్నారు. చూసి వాయించడానికి పుస్తకం ఉండదు, అంతా జ్ఞాపకం మీదే. ఆమె మొదలుపెట్టింది. మొదటి పేజీ ఆ గదిలో మంచి గంధంలా పరుచుకుంది. తలుపు బయట బెంచీ మీద కూర్చున్న రత్నంగారు, "అయిపోయింది, సీటొచ్చేసింది," అనుకున్నారు.

ఇంతలో మధ్యలో కూర్చున్న పెద్దావిడ చెయ్యెత్తి ఆపింది. "బాగుంది. ఇది రికార్డింగులో విన్నాం. ఇప్పుడు చివరి పేజీ వాయించమ్మా."

జెమీమా మీటల వంక చూసింది. అవి తెల్లగా, నల్లగా, ఎక్కడా గుర్తు లేకుండా ఉన్నాయి. చివరి పేజీ ఏ మీట మీద మొదలవుతుందో ఆమెకు తెలియలేదు.

"మేడమ్... మొదటి నుంచి వాయిస్తే అదే వచ్చేస్తుంది," అంది చిన్నగా.

"సరే, అలాగే కానీ."

ఆమె మళ్ళీ ఎత్తుకుంది. మొదటి పేజీ దాటింది, మధ్య పేజీలు ఎలాగో గట్టెక్కింది, చివరి పేజీ మలుపు దగ్గర వేలు జారింది. అక్కడ ఆగకుండా ఏదో ఒకటి చేసి ముందుకు పోవాలని ఆమెకు తెలుసు. కానీ చేతులు ఆమె మాట వినలేదు. వాటంతట అవే లేచి మొదటి పేజీ మీద వాలాయి. గదిలో మళ్ళీ అదే మొదటి పేజీ మోగింది. ఆమె భయంతో ఆపింది, మలుపు దగ్గర నుంచి ఎత్తుకోబోయింది. చేతులు మళ్ళీ మొదటికే పోయాయి. బావి గిలక మీద తాడు జారినట్టు, పట్టుకున్నకొద్దీ అక్కడికే.

పెద్దావిడ కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. "చాలమ్మా," అంది మెల్లగా. "చేతులు అబద్ధం చెప్పవు. రోజూ నువ్వేం నేర్పావో అదే చేశాయి."

తిరుగు రైల్లో రత్నంగారు చాలా స్టేషన్లు దాటాక, "బయటికి వినిపించిందమ్మా," అన్నారు. అంతే. బ్యాగులోంచి పులిహోర పొట్లం తీసి ఆమె ముందు పెట్టి, కిటికీ వైపు తిరిగారు.

సికింద్రాబాదులో దిగేసరికి సుగుణమ్మ ఆంటీ ఫోను చేసింది. దొర్కా టీచర్‌ను ఆసుపత్రిలో చేర్చారు. ఊపిరితిత్తుల నిండా నెమ్ము. జెమీమా స్టేషను నుంచి నేరుగా అక్కడికే వెళ్ళింది.

టీచర్ ముఖానికి ఆక్సిజన్ మాస్కు ఉంది. దుప్పటి కింద మనిషి ఉన్నట్టే లేదు. జెమీమాను చూడగానే కళ్ళు వెలిగాయి. మాస్కు కాస్త పక్కకు జరిపి, "కొస దాకా... వాయించావా?" అన్నారు.

చావుబతుకుల్లో ఉన్న మనిషికి ఏం చెప్పాలి? "వాయించాను టీచర్," అంది జెమీమా.

టీచర్ సంతోషంగా తలాడించారు. తర్వాత తన పొట్ట మీది దుప్పటిని చేత్తో సాపు చేసి, దాని మీద వేలితో తట్టారు. ఇక్కడ వాయించి చూపించు, అని. ఆ కళ్ళకు చప్పుడు అక్కర్లేదు. వేళ్ళు చూస్తే చాలు, పాట వినిపిస్తుంది.

జెమీమా దుప్పటి మీద చేతులు పెట్టింది. చివరి పేజీని తలుచుకుంది. దేవుణ్ణి కూడా తలుచుకుంది. వేళ్ళు రెండు వరుసలు కదిలాయి, తడబడ్డాయి, ఆ తర్వాత ఆమె ఆపుతున్నా ఆగకుండా మొదటి పేజీ మీదికి పోయాయి.

టీచర్ ఆ వేళ్ళ వైపే చూశారు. కొట్టడానికి విసనకర్ర లేదు. తన చేతిని జెమీమా చేతుల మీద వేసి ఆపారు.

"మళ్ళీ... మొదటికేనా," అన్నారు.

తిట్టు కాదది. అందుకే జెమీమా దాన్ని ఎప్పటికీ మర్చిపోలేకపోయింది. మర్నాడు పొద్దున టీచర్ కన్నుమూశారు.

ఆ రోజు నుంచి జెమీమా హాల్లో తలుపు వేసుకుని కూర్చుంది. చివరి పేజీ తీసింది. తప్పు వచ్చిన చోటే ఆగింది, అక్కడే సరిచేసింది, అక్కణ్ణుంచే కదిలింది. చెప్పుల చప్పుడు విన్నా తల తిప్పలేదు. నిజానికి అది అంత కష్టమైన పేజీ కూడా కాదు. ఆ సంగతి తెలిసినప్పుడే ఆమెకు ఎక్కువ ఏడుపొచ్చింది.

టీచర్ జ్ఞాపకార్థం చర్చి హాల్లో జరిగిన ఆదరణ కూడికలో ఆమె ఆ సంగీతాన్ని కొస దాకా వాయించింది. ఎక్కడా ఆగలేదు. చివరి స్వరం గోడలకు తగిలి కరిగిపోయింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. సుగుణమ్మ ఆంటీ సహా అందరూ తలలు దించుకున్నారు. జెమీమా అలవాటుగా పక్కకు చూసింది. కర్ర కుర్చీలో విసనకర్ర ఒక్కటే ఉంది.

తర్వాతి వారం రత్నంగారు ఆమెను ఇంజనీరింగు కౌన్సెలింగుకు తీసుకెళ్ళారు. ఆమె ఏడవలేదు, అలగలేదు. మాటంటే మాటే.

నీతి: మెచ్చుకునేవాళ్ళ ముందు తనకు వచ్చినదే మళ్ళీ మళ్ళీ చేసి మురిసిపోయేవాడు, రానిదాన్ని రేపటికి తోస్తూనే ఉంటాడు; కానీ రాని చోటే పరీక్ష వస్తుంది, వినాలని ఆశపడినవాళ్ళు మన రేపటి దాకా ఆగరు.