పూడ్చిన అరవై చిల్లులు

పదకొండింటికి ఖరగ్‌పూర్ నుంచి పోలమ్మగారు వస్తారనగా, తొమ్మిదింటికే మా హైమావతి టీచరు ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"సన్యాసిరావుగారూ, ఆవిడ చీటీలో వీధి ఏదో తెలీదు," అంది నాతో. "నేనే చెరిపేశాను."

కాస్త వెనక్కెళ్ళి చెప్పాలి, లేకపోతే మీకెలా తెలుస్తుంది! మా కాకినాడలో ఊరి పాత కాగితాలు దాచే భాండాగారం ఒకటుంది. దానికి చేదోడుగా మేం పదిమందిమి మిత్రబృందం. జీతం లేదు, టీ మాత్రం ఉంటుంది. నేను రైసు మిల్లులో గుమాస్తాగా చేసి మానేసినవాణ్ణి, దుమ్ము దులపడం నా వంతు. చిరిగిన కాగితాలు అతికే విద్య నేర్పేది అమీరుద్దీన్ ఉస్తాద్, డెబ్భై ఎనిమిదేళ్ళ పుస్తకాల బైండరు. ఆయనకి శిష్యురాలు హైమావతి టీచరు. కుట్టు టీచరుగా రిటైరైన మనిషి, ఆవిడ రఫూ చేస్తే ఎక్కడ చిరిగిందో ఆ చీరకే తెలీదు.

ఉస్తాద్‌ది ఒకటే పట్టు. గంజి జిగురే వాడాలి, నీళ్ళు తగిలితే ఊడొచ్చేది. "రేపెవరైనా విప్పాల్సొస్తే?" అనేవారు.

"నేను అతికింది విప్పే అవసరం ఎవరికొస్తుందండీ?" అనేది టీచరు. మేమంతా నవ్వేవాళ్ళం. నేనైతే కాస్త గట్టిగానే.

పోయిన నెల ఒకావిడ వాళ్ళ అమ్మమ్మ తాలూకు రేకుపెట్టె ఒకటి తెచ్చిచ్చింది. ఆ అమ్మమ్మ మంత్రసాని. పురుడు పోసినప్పుడల్లా పెన్సిలుతో ఒక చీటీ రాసి చువ్వకి గుచ్చేదట. అలాంటి చువ్వలు మూడు: ఒక సైకిలు స్పోకు, దోనెలా వంపున్న గొడుగు కమ్మి ఒకటి, నాలుగు పలకల మేకు ఒకటి. టీచరు చీటీలన్నీ చువ్వల్నుంచి తీసింది, దులిపింది, తేదీల వరసన పేర్చింది. తుప్పు పట్టిన చిల్లులు పల్చటి కాగితంతో పూడ్చడం మొదలెట్టింది. అరవై పూర్తయ్యాయి. భూతద్దం పెట్టి చూసినా జాడ లేదు! ఆ సంతోషంలో నేను కాజాలు తెచ్చి అందరికీ పంచాను.

మొన్న పోలమ్మగారు ఫోన్ చేశారు. డెబ్భై ఏళ్ళ మనిషి. పుట్టిన తొమ్మిదో రోజున పెంపకానికి ఇచ్చేస్తే రైలెక్కి వెళ్ళిపోయిన పిల్ల. కన్నతల్లి ఏ వీధిదో తెలిస్తే చాలు, ఒక్కసారి అక్కడ నిలబడాలని ఉందన్నారు.

చీటీ సులువుగానే దొరికింది. తేదీ కింద, "గాలివాన రోజు. ఆడపిల్ల. ఎడమకాలికి ఆరు వేళ్ళు." అంతే. వీధి లేదు. పెట్టె ఇచ్చినావిడకి ఫోన్ చేశాం.

"వీధి రాయడం దేనికండీ?" అందావిడ. "వీధికో చువ్వ కదా! స్పోకు నేతగాళ్ళది, గొడుగు కమ్మి పడవలవాళ్ళది, మేకు ఉప్పుకొఠార్లది."

ఏ చువ్వదో ఇక చిల్లే చెప్పాలి; ఆ చీటీ చూస్తే టీచరు పూడ్చిన అరవైలో ఒకటి.

ఎప్పుడూ ఆలస్యమయ్యే రైలు ఆవేళే ముందొచ్చింది. పోలమ్మగారు పదింబావుకే వచ్చేసి, చెప్పులు విప్పి, ఎడమకాలు ముందుకు జాపి కూర్చున్నారు, సాక్షిని వెంటబెట్టుకొచ్చినట్టు.

టీచరు ఉస్తాద్‌ని పక్కకి పిలిచింది. నేనూ వెళ్ళాను, పిలవకపోయినా.

"వీధి రాసి లేదని చెప్పేద్దామండీ. అబద్ధం కాదు కదా."

"చిల్లు ఏ ఆకారంలో ఉండేది?" అన్నారు ఉస్తాద్.

"చూళ్ళేదండీ. పూడ్చడమే చూశాను."

"అంచులు బ్లేడుతో గీకారా?"

"కొన్నిటికి గీకాను. నున్నగా రావాలని."

"దీనికి?"

"గుర్తులేదు."

ఆయన గిన్నెలో నీళ్ళు తెచ్చారు. పోలమ్మగారి ఎదురుగా బల్లమీద చీటీ పరిచి, పక్కన బ్రష్షు పెట్టి, టీచరుకి కుర్చీ లాగారు.

"మీరు చెయ్యండి ఉస్తాద్ గారూ. నా చేతులతో కాదండీ."

"అతికిన చేతులే కదా," అన్నారాయన.

టీచరు బ్రష్షు ముంచింది. ఒక చుక్క, ఇంకో చుక్క. అతుకు కదల్లేదు. అంత బాగా అతికింది మరి! అంచు గీకేసుంటే చిల్లు ఉంటుంది గానీ ఆకారం ఉండదు, అప్పుడు ఆవిడకేం చెప్తాం?

"ఏంటమ్మా, నాకు పురిటిస్నానం ఇప్పుడా?" అన్నారు పోలమ్మగారు. ఎవరం నవ్వలేదు.

అతుకు ఒక మూల ఉబ్బింది. టీచరు సన్న పట్టకారుతో పట్టుకుని మెల్లగా లేపింది.

కింద చంద్రవంకలాంటి చిల్లు. వంపు చుట్టూ తుప్పు మరక. ఒక పక్కనుంచి బ్లేడు గీత వచ్చి, వంపు దాకా రాకుండా ఆగిపోయింది.

ఉస్తాద్ గొడుగు కమ్మి తీసి అందులోకి దూర్చారు. సరిగ్గా పట్టింది.

"పడవలవాళ్ళ వీధి!" అనేశాను నేనే, ఆగలేక.

పోలమ్మగారు రాత చదవలేదు. కమ్మి తీసేయమని సైగ చేసి, చూపుడువేలి కొస ఆ చిల్లుకి ఆనించి ఉంచారు.

"ఇక్కణ్ణుంచి దూరమా, బాబూ?"

"పది నిమిషాలండీ," అని ఆటో పిలవడానికి లేచాను. గుమ్మం దాటుతుంటే వెనకనుంచి టీచరు గొంతు వినబడింది.

"ఇంకా యాభై తొమ్మిది ఉన్నాయి, ఉస్తాద్ గారూ."

"గిన్నెలో నీళ్ళు మార్చండి, టీచరమ్మా."