అడిగే అమ్మవారు

తూర్పు కనుమల అంచున, గుమ్మలోవ గ్రామానికి ఎగువన ఈ గుడి ఉంది. గోపురం లేదు, ధ్వజస్తంభం లేదు. చుట్టూ ఎకరం మేర మాచిపత్రి పెరుగుతుంది. గాలి మళ్ళితే ఆ ఘాటు వాసన కొండ దిగువకు కూడా వస్తుంది.

పూర్వం ఇక్కడ అసిరమ్మ అనే మందులావిడ ఉండేది. గజ్జికి మాచిపత్రి నూరి పట్టు వేసేది. దోమలకు, పసిపిల్లల జలుబుకు పొగ వేయించేది. నులిపురుగులకు, ముట్టునొప్పికి ఆ ఆకుతోనే కషాయం కాచి ఇచ్చేది. గర్భిణులకు ఆ కషాయం పడదని ఆమెకు తెలుసు. అందుకే అనుమానం వస్తే ఏ ఆడమనిషినైనా నెల తప్పిందా అని ముందే అడిగేది.

ఆమెకు ఒక్కతే కూతురు, పేరు రాజులు. రెండుసార్లు కడుపు పోయిన పిల్ల. ఒక శ్రావణంలో పుట్టింటికి వచ్చి, "అమ్మా, వికారంగా ఉంది. అన్నం సయించట్లేదు" అంది. వాకిట్లో జ్వరాలవాళ్ళు బారులు తీరి ఉన్నారు. అసిరమ్మ కూతురి ముఖమైనా సరిగ్గా చూడలేదు.

"నులిపురుగులే. ఇది తాగు" అంటూ కషాయం చేతికిచ్చింది.

అమ్మ చేతి మందే కదా అని మూడు రోజులు తాగింది రాజులు. నాలుగో రోజు రక్తం పోవడం మొదలై, ఎన్ని మందులు వేసినా ఆగలేదు.

"మూడో నెల నిండినాక సెప్దామనుకున్నానమ్మా. దిష్టి తగుల్తాదని బయపడినాను" అంటూ తల్లి ఒడిలోనే ప్రాణం విడిచింది.

అసిరమ్మ పొయ్యి వెలిగించడం మానేసింది. పలుగు పట్టి మాచిపత్రినంతా వేళ్ళతో సహా పెకిలించింది. వాన పడగానే మళ్ళీ మొలిచింది. మళ్ళీ పెకిలించింది, మళ్ళీ మొలిచింది. ఒకనాటి మిట్టమధ్యాహ్నం ఆ మడిలోనే సోలిపోయిన ఆమెకు కొండ తల్లి కలలో కనిపించింది.

"ఆకును ఎందుకు శిక్షిస్తావు? ఊరందరినీ అడిగావు, కూతురిని అడగలేదు. ఇకమీదట ఏ ఆడబిడ్డనైనా అడిగాకే ఇవ్వు."

"అడిగితే నా బిడ్డ తిరిగొస్తాదా తల్లీ?"

"రాదు."

అసిరమ్మ ఆ మాట మోసుకుంటూ ఇంకా ఇరవై ఏళ్ళు బతికింది. అందరికీ మందు ఇచ్చింది. ఆమె నవ్వగా చూసినవారు లేరు. ఆమె పోయాక, కలగన్న చోటనే ఊరి ఆడవాళ్ళు ఆమె పేరున రాయి నిలిపి పసుపు పూశారు.

నేటికీ ఇక్కడ అర్చన చేసేది ఆడవారే. వచ్చిన ప్రతి స్త్రీనీ దగ్గరకు పిలిచి, "నీళ్ళోసుకున్నావా అమ్మా?" అని చెవిలో అడుగుతారు. ఔనన్నవారికి కుంకుమ, కాదన్నవారికి మాచిపత్రి రెమ్మ. శ్రావణ మాసంలో తల్లులు కూతుళ్ళను వెంటబెట్టుకుని వచ్చి, ఆకుల మధ్య కూర్చుని, ఇంట్లో అడగలేనివి అడుగుతారు. ఈ అమ్మ పోయినవారిని తిరిగి ఇవ్వదు. అడిగేవారున్న ఇంట ఆడబిడ్డను మాత్రం చల్లగా చూస్తుందని ఇక్కడివారి నమ్మకం.