చుక్కల పెట్ట పెట్టిన ఫొటో

ఊరి చివర కళ్లం పక్కన పశువుల పాకలో బాతు టీచరమ్మ బడి పెట్టింది. పిల్లలు ఇంటి దగ్గర రాసిన పాఠాన్ని తల్లులు ఫొటో తీసి ఫోన్లో గ్రూపులో పెట్టాలి. అదీ ఆ బడి పద్ధతి. అడిగినవాళ్లనల్లా టీచరమ్మ గ్రూపులో చేర్చేసింది. కుందేలు బొమ్మ పెట్టుకుని నక్క కూడా చేరింది. నువ్వెవరి తాలూకని ఒక్కరూ అడగలేదు.

చుక్కల పెట్టకు ముగ్గురు పిల్లలు. ముగ్గురినీ గూట్లో వరసగా కూర్చోబెట్టి, పలకలు పట్టించి ఫొటో పెట్టింది. అందరికంటే ముందు కుందేలు బొమ్మ నుంచే జవాబొచ్చింది.

"ముత్యాల్లా రాశారు చెల్లెమ్మా! మావాళ్లూ ఉన్నారు, ఎందుకూ? అవునూ, గూట్లో అంత వెలుతురు ఎక్కడిది?"

పెట్ట పొంగిపోయింది. "వెనక చెక్క ఊడింది అన్నయ్యా. అందులోంచే."

"నువ్వే దగ్గరుండి రాయిస్తావా?"

"నాకెక్కడ కుదురుతుంది? మధ్యాహ్నం గింజలకి కళ్లంలోకి పోతాను. వాళ్లే రాసుకుంటారు, బుద్ధిమంతులు."

పక్కన నెమరేస్తున్న ముసలి ఎద్దుకి ఇదంతా గొప్పగా చదివి వినిపించింది.

"ఆ కుందేలుని ఎప్పుడైనా చూశావుటే?" అంది ఎద్దు.

"రోజూ గ్రూపులో చూస్తూనే ఉన్నా కదా మావా!"

"చూసింది బొమ్మని. ఇంటి గుట్టు లంకకు చేటన్నారు. ముందా చెక్క కొట్టించు."

"నీకు చదువు అబ్బలేదని కుళ్లు!" అని పెట్ట తోక విదిలించుకుని పోయింది.

మర్నాడు మధ్యాహ్నం గింజలు ముక్కున కరుచుకుని వచ్చింది. గూట్లో చప్పుడు లేదు. మూడు పలకలు బోర్లా పడున్నాయి. ఊడిన చెక్క దగ్గర లేత ఈకలు, నెత్తురు.

పెట్ట గొంతు చించుకుని అరిచింది. గ్రూపులో అడిగింది, "నా పిల్లల్ని ఎవరైనా చూశారా?"

"చూశాను చెల్లెమ్మా," అని కుందేలు బొమ్మ జవాబిచ్చింది. "నువ్వు చెప్పిన వేళకే వచ్చాను. పాపం, పలకలు వదల్లేదు చివరిదాకా."

ఆ వెంటనే గ్రూపులోంచి వెళ్లిపోయింది.

టీచరమ్మ పరిగెత్తుకొచ్చింది. "వాడెవడో నాకూ తెలీదమ్మా... చేర్చమన్నాడు, చేర్చాను." తల ఎత్తలేకపోయింది.

ఎద్దు నెమరు ఆపేసింది.

మొహం తెలియనివాడి మెప్పుకి మురిసి పిల్లల్ని చూపించుకుంటే, తల్లికి మిగిలేది కడుపుకోతే.